గుహలో ఆగిన కోస్టర్

నాకూ, మూసారాంబాగ్‌లో ఉండే నా దోస్తుకూ రోలర్ కోస్టర్ల పిచ్చి. ఆదివారాలు దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ తాగుతూ కొత్త రైడ్ల గురించి వాదించుకునేవాళ్లం. రైడ్ ఎంతసేపు సాగుతుందన్నదే నాకు ముఖ్యం. అతనికి కథ కావాలి, సెట్టింగ్ కావాలి.

"నిమిషంల అయిపోయేదానికి గంత దూరం ఎవడు పోతడు?" అన్నాను, సిటీ బయట కొత్తగా తెరిచిన కోస్టర్ వీడియో చూసి.

"జర గా గుహ చూడురా. పొగ, చీకటి, రాక్షసుని నవ్వు. నిమిషం చాలదా?"

మరుసటి వారం ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాం. కోస్టర్ పైకెక్కి, కిందికి జారి, గుహలోకి దూసుకెళ్లి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. పొగ కమ్ముకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. స్పీకర్లో రాక్షసుడు నవ్వుతూనే ఉన్నాడు.

"చూసినవా, సెట్టింగ్ అంటే ఇది!" అన్నాడు నా దోస్తు.

నాకు మాత్రం రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. "అరేయ్, ఇది సెట్టింగ్ కాదు," అన్నాను. అతను భుజాల మీది కడ్డీని పైకి నెట్టి చూశాడు. అది కదల్లేదు. ముందు సీట్లో ఒకామె ఆగకుండా దగ్గుతోంది. వెనక ఎవరో ఇంకా ఈలలు వేస్తున్నారు. "పొగ! కడ్డీలు తీయండి!" అని ఇద్దరం అరిచాం. బయట క్యూలో ఉన్నవాళ్లు మా కేకలు విని నవ్వడం వినిపించింది.

చివరికి పనివాళ్లు టార్చిలైట్లతో వచ్చి, కడ్డీలు విప్పి, ఇరుకు మెట్ల మీదుగా మమ్మల్ని దింపారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బయటికొచ్చేసరికి జనం ఫోన్లెత్తి గుహలోంచి వస్తున్న పొగను వీడియో తీస్తున్నారు.

"మస్తుందా అన్నా లోపల?" అని ఒకతను ఆశగా అడిగాడు.

నా దోస్తు జవాబు చెప్పబోయాడు. దగ్గు తప్ప మాట రాలేదు.