ఇరవై గజాల చీటీలు

మోటారు సైకిలు పందెంలో వెండి కప్పు గెలిచిన కథ మా అన్న ఇప్పటికీ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ బండి వేగం కొంత పెరుగుతుంది, అందులో నా వంతు కొంత తగ్గుతుంది. ఈమధ్య విన్నప్పుడు నేను రోడ్డు పక్కన మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషిని. ఇంకొన్నాళ్ళాగితే ఆ చెంబు కూడా ఉండదు. అందుకని రాస్తున్నాను.

సాగర్ కాలవల తవ్వకం జోరుగా సాగుతున్న రోజులవి. నేను గుంటూరులో బీఎస్సీ ముగించి నరసరావుపేటలో మా ఇంట్లో కూర్చున్నాను. ఫిజిక్సులో మంచి మార్కులొచ్చాయి. వాల్తేరు యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్సీ దరఖాస్తు ఫారం తెప్పించుకున్నాను. దాని మీద తండ్రి సంతకం కావాలి. మా నాన్న మిషను బడిలో హెడ్మాస్టరు. ఊళ్ళో సగం మంది పిల్లల దరఖాస్తుల మీద సంతకం పెట్టిన చెయ్యి, నా ఫారం దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"దేవుడు నీకిచ్చిన చదువు చాలమ్మా. అత్యాశ పాపం."

"ఎమ్మెస్సీ చదవొద్దని బైబిల్లో ఎక్కడుందో అధ్యాయం చెప్పు నాన్నా, చదువుకుంటాను."

ఇలా మాట్లాడితే సంతకాలు పడవని నాకూ తెలుసు. కానీ నా నోరు అంతే. మా నాన్న వినేది మా అన్న మాట ఒక్కటే. వాడు ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, పల్నాడు రోడ్డులో మోటారు షెడ్డు పెట్టుకున్నాడు. కొడుకు కనుక ఫెయిలైనా జ్ఞానే.

వాడి ప్రాణమంతా ఒక పాత ఫట్‌ఫటి మీద ఉండేది. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి. వేసవిలో ఎడ్లు బండ లాగే పోటీలు పెట్టే కమిటీ వాళ్ళే, కుర్రకారు గోల పడలేక, మోటారు సైకిళ్ళ పందెం కూడా పెట్టేవారు. నియమాలన్నీ ఎడ్లవే. ఎడ్ల జతల్లాగే బండ్లు కూడా ఒక్కొక్కటే బరిలోకి రావాలి. ఈల వేస్తారు, గడియారం నొక్కుతారు. రోడ్డు మీద ఒక ఫర్లాంగు రాయి నుంచి రెండో ఫర్లాంగు రాయి దాకా ఎవరు తక్కువ సెకన్లలో వెళితే వాళ్ళది గెలుపు. అంతకు ముందు ఏడు వెల్దుర్తి మనిషి ఒకాయన గెలిచాడు, డ్యాము పనుల్లో సూపర్వైజరు. మా అన్న రెండోవాడు. అప్పటినుంచీ ఇంజను విప్పడం, బిగించడం, తిట్టడం.

"ఇంజను కాదు అన్నాయ్, నీకు మొదలు రావట్లేదు," అన్నాను ఒకరోజు.

"నువ్వు చెప్పేదేందే? ఎప్పుడన్నా బండి తోలినావా?"

"తోలలేదు. లెక్కపెట్టగలను."

వాడు స్పానరు కింద పెట్టి నా వైపు చూశాడు. బేరం అక్కడే కుదిరింది. నేను లెక్కపెట్టి వాణ్ణి గెలిపిస్తే, నా ఫారం మీద నాన్న చేత వాడు సంతకం పెట్టిస్తాడు. "గెలిచిన మర్నాడే పెట్టిస్తా. ప్రభువు మీద ఆన," అన్నాడు. వాడు ఆనలు వేస్తే నమ్మే వయసు నాది.

బడికి సెలవులు కాబట్టి డ్రిల్లు మాస్టారి దగ్గర రెండు స్టాప్‌వాచీలు అడిగి తెచ్చాను. చిలకలూరిపేట రోడ్డు నుంచి చీలి కాలవ పని దాకా వేసిన కొత్త కంకర దారి తెల్లవారుజామున ఖాళీగా ఉండేది. మొదటి రాయి దగ్గర నుంచి ఇరవై గజాలు కొలిచి సున్నంతో గీత గీశాను. ఆ గీత దగ్గర నేను నిలబడి ఈల వేస్తూ రెండు చేతుల్లో రెండు వాచీలూ నొక్కేదాన్ని. బండి నా గీత దాటగానే ఎడమ చేతిది ఆపేదాన్ని. రెండో రాయి దగ్గర షెడ్డు మేస్త్రీ ఎర్రగుడ్డ దించగానే కుడి చేతిది. పాత జవాబు కాగితాల ఖాళీ వైపు కత్తిరించిన చీటీ మీద ఆ రెండు అంకెలూ, కింద ఆ పరుగులో వాడేం చేశాడో ఒక ముక్కా రాసేదాన్ని.

వారం తిరిగేసరికి చీటీలే మాట్లాడాయి. నా గీత నుంచి చివరి రాయి దాకా పట్టే సమయం ఏ రోజు చూసినా దాదాపు ఒకటే. తేడా అంతా మొదటి ఇరవై గజాల్లో. వాడు బాగుందనుకున్న రోజు ఆ అంకె మరీ ఘోరం.

ఎందుకన్నది బండి కదిలిన చోటికి వెళ్ళి చూస్తే తెలిసింది. కంకరలో జానెడు లోతు గుంట. క్లచ్చు ఒక్కసారిగా వదిలేస్తే, వెనక చక్రం ముందుకు పోకుండా ఉన్నచోటే తిరిగి కంకర తవ్వుతోంది. మనవాళ్ళకు ఆ దుమ్మే పౌరుషం. దుమ్ము ఎంత లేస్తే అంత ఈలలు.

"ఆ దుమ్మంతా నీ సెకన్లే అన్నాయ్, గాల్లో కలిసిపోతున్నాయి. క్లచ్చు సగం దాకా వదిలి, పట్టిన చోట ఆపు. బండి కదిలాక మిగతాది వదులు. ఇంజనుకిచ్చే రైజింగు కూడా తగ్గించు."

"అట్టా పోతే జనం నవ్వుతారే. ఆడోళ్ళు తోలినట్టు ఉంటది."

"ఆడవాళ్ళు తోలితే నువ్వు పోయినేడే మూడోవాడివి."

మర్నాడు రైజింగు మరీ తగ్గించాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. "చూసినావా నీ చదువు!" అని అరిచి, ఆ కోపంలో వెనక టైరు గాలి తగ్గించి, పళ్ళచక్రం మార్చి, మళ్ళీ బండి తోలాడు. అంకె బాగానే వచ్చింది. నేను చీటీ మీద 'చెల్లదు' అని రాశాను.

"ఎందుకు చెల్లదే?"

"మూడు మార్చావు. ఏది పనిచేసిందో ప్రభువుక్కూడా తెలియదు. రోజుకి ఒక్కటే మార్చు."

దాని మీద మూడు రోజులు అలిగాడు. తర్వాత రోజుకి ఒక్కటే మార్చడం మొదలుపెట్టాడు. ముందు రైజింగు, తర్వాత క్లచ్చు, ఆ తర్వాత టైరు గాలి. ఎడమ చేతి అంకె రోజురోజుకీ దిగుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. దుమ్ము లేదు, గుంట లేదు, అయినా ఎక్కడో ఇంకా పోతోంది.

ఒక ఉదయం ఎడమ వాచీని ఈలకు నొక్కకుండా, చక్రం కదిలినప్పుడు నొక్కి చూశాను. అంకె బ్రహ్మాండంగా వచ్చింది. అంటే పోయేది ఈలకీ చక్రానికీ మధ్యన. అప్పుడు వాడి మొహం చూస్తూ ఇంకో ఈల వేశాను. వాడు తల ఎగరేసి "హెయ్!" అని కేకపెట్టి, అప్పుడు క్లచ్చు వదిలాడు. బండ లాగే ఎడ్లను అదిలించినట్టు! పదేళ్ళ వయసు నుంచి తాతతో పోటీలకు వెళ్ళినవాడు. కేక వెయ్యకుండా ఏదీ కదలదని వాడి ఒళ్ళు నమ్ముతోంది.

"ఒరేయ్ అన్నాయ్, దానికి చెవుల్లేవురా!"

కడుపు పట్టుకుని నవ్వాను. వాడూ నవ్వాడు. మా ఇద్దరి మధ్యా మంచి గుర్తు ఏదైనా ఉందంటే అదొక్కటే. కేక మానడానికి వాడికి పది రోజులు పట్టింది. చివరికి పళ్ళ మధ్య రుమాలు కరుచుకుని నేర్చుకున్నాడు.

పందెం నాడు ఆడపిల్ల గీత దగ్గర నిలబడకూడదన్నారు కమిటీ పెద్దలు. నేను తెచ్చిన వాచీలే డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టి, నన్ను తాడు వెనక ఆడవాళ్ళలోకి పంపారు. వెల్దుర్తి ఆయన దుమ్ము లేపుకుంటూ పోయాడు. ఈలలే ఈలలు. మా అన్న చప్పుడు లేకుండా కదిలాడు. "ఏందయ్యా, పెళ్ళికొడుకుని ఊరేగిస్తన్నారా?" అని ఎవడో అరిచాడు. నవ్వు ఇంకా ఆగకముందే వాడు రెండో రాయి దాటాడు. అర సెకను తేడాతో గెలిచాడు.

కప్పు ఇచ్చింది చిలకలూరిపేట పత్తి మిల్లు యజమాని. "ఏం చేశావయ్యా, ఇంత తేడా వచ్చింది?" అని అడిగాడు.

"చేతివాటం అండీ. పుట్టుకతో వచ్చింది," అన్నాడు మా అన్న.

నేను విన్నాను. సంతకం కోసం మింగాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ముందు ఫారం పెట్టాను. కప్పు ఆయన పక్కనే ఉంది. అంత సంతోషంగా ఆయన్ని నేను క్రిస్మసు నాడు కూడా చూడలేదు. అన్న వైపు చూశాను. వాడు గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, దీని వాల్తేరు సంగతి..."

నాన్న కలం మూత తీశాడు. "పెట్టమంటావా?"

"పెడుదువులే. కాకపోతే ఈ ఏడు ఆగమను. వచ్చే ఏడు గుంటూరులో పెద్ద పోటీ పెడతన్నారు. చీటీలు రాయడానికి ఇది లేకపోతే నాకు కుదరదు. ఏడాదిలో చదువేం పారిపోద్దా?"

"అన్నాయ్! ఆన వేశావు."

"వద్దన్నానా ఏంది? ఆగమన్నా. నువ్వు చానా అవసరమే నాకు, చెప్తే అర్థం చేసుకోవే."

నాన్న కలం మూత పెట్టేశాడు. నా పని గురించి మా అన్న నిజం చెప్పింది జన్మలో ఆ ఒక్కసారే. దాన్ని కూడా నా కాళ్ళకు కట్టడానికే వాడుకున్నాడు.

జూన్‌లో ఆడపిల్లల హైస్కూలులో టెంపరరీ టీచరుగా చేరాను. ఒకరోజు బడి గేటు దగ్గర వెల్దుర్తి ఆయన సైకిలు దిగి నిలబడ్డాడు.

"టీచరమ్మా, మీ అన్నకి కాలవ దారిలో చీటీలు రాసింది మీరేనంట. మేస్త్రీ చెప్పాడు. తప్పనుకోకపోతే, నాది ఎక్కడ పోతుందో చెప్తారా?"

దాచుకోవడానికి నాకేం మిగిలింది? గుంట సంగతి, క్లచ్చు సంగతి, రోజుకి ఒక్కటే మార్చాలన్న సంగతి పది నిమిషాల్లో చెప్పేశాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. నేను చెప్పింది రాసుకున్న మొదటి మగవాడు.

మరుసటి ఏడు వేసవిలో గుంటూరు పోటీలో మా అన్న ఓడిపోయాడు. వాడికి చీటీలు నేనే రాశాను; వాడి అంకెలు ముందుకన్నా బాగానే వచ్చాయి, ఆయనవి ఇంకా బాగా వచ్చాయి. ఇంటికొచ్చాక పళ్ళెం పక్కకు నెట్టి, "ఆ వెల్దుర్తోడికి ఎవరు చెప్పారో తెలిస్తే..." అన్నాడు.

"నేనే."

నాన్న కొట్టలేదు. ఆ రోజు కుటుంబ ప్రార్థనలో ద్రోహం గురించి చదివించాడు, నా చేతే. ఆ ఏడు వాల్తేరు గడువు జులైలో దాటిపోయింది. నేను ఫారం తెప్పించలేదు, ఎవరూ అడగలేదు.

వాడు ఓడినందుకు నాకు సంతోషం కలగలేదు, నమ్మితే నమ్మండి. వెల్దుర్తి ఆయన మొదటి ఇరవై గజాలు దాటిన తీరు చూసినప్పుడు మాత్రం కలిగింది. అంత శుభ్రమైన ప్రయోగం నేను చదివిన కాలేజీ లాబొరేటరీలో కూడా చూడలేదు. వాల్తేరులో చూసేదాన్నేమో. ముప్ఫై ఏళ్ళుగా తొమ్మిదో తరగతికి చలన సూత్రాలు చెబుతున్నాను.