కుక్కర్ కోసం వెనక్కి తొక్కిన సైకిల్

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ముందుది వెనక, వెనకది ముందు రాస్తానేమో. ఈ మధ్య పాలు పొయ్యి మీద పెట్టి, పాలేవీ అని ఫ్రిజ్ అంతా వెతుకుతున్నాను. ఉన్న జ్ఞాపకాలైనా పొంగిపోకముందే కాగితం మీద పెడదామని కూర్చున్నాను. అయినా ఈ సంగతిలో ముందూ వెనకా తారుమారైతే తప్పు నాది కాదు. జరిగిందే అలాంటిది. సైకిల్ రేసుకని వెళ్లి, బయల్దేరిన గీత కంటే వెనక తేలిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఎనభై రెండో, ఎనభై మూడో. ఉక్కు ప్లాంటు ఇంకా కడుతున్నారు. కూర్మన్నపాలెం దగ్గర మాకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. ఎటు చూసినా ఇసక కుప్పలు, కంకర కుప్పలు, సగం లేచిన గోడలు. మా ఇంటాయన ఫిట్టరు. ఇంట్లో మేమిద్దరం, ఆయన చెల్లెలు పైడమ్మ. పైడమ్మ నాకంటే రెండేళ్లు చిన్న, గాజువాక వెళ్లి టైపు నేర్చుకునేది. నేను బడి మొహం చూడలేదు. పకోడీలు కట్టిచ్చిన కాగితాలు విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని, రానిచోట పైడమ్మని అడిగి చదవడం నేర్చుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నేను మరిచిపోతే మీరైనా గుర్తుచెయ్యండి.

ఆ కాలనీ బోరు నీళ్లలో కందిపప్పు ఉడికేది కాదు. కిరసనాయిలు స్టవ్ మీద రెండు గంటలు పెట్టినా గింజ గింజలాగే ఉండేది. ఆయనకి పొద్దున్న ఆరింటికి డ్యూటీ. క్యారేజీలో ఆ పప్పే వెళ్లేది.

"ఏటే ఇది, పప్పా, కంకరా? మా సైటు కాడినించి గాని తెచ్చినావేటి?" అనేవారు.

ఆయన మాట ఒక ఎత్తు, పక్క క్వార్టర్ మాణిక్యమ్మ గారి మాట ఒక ఎత్తు. ఆవిడది కాకినాడ వైపు. గొంతు మెత్తన, పోటు గట్టి. "మీరు పప్పన్నం తింటుంటే నాకు గోడ ఇవతలికి వినిపిస్తుందండీ. పళ్లు జాగ్రత్తండీ" అని ఎంతో ప్రేమగా అనేది.

అలాంటి రోజుల్లో నీళ్ల ట్యాంకు గోడ మీద ఒక కాగితం అంటించారు. కాలనీలో ఆటల పోటీలు. నలుగురూ చూసి వెళ్లిపోయాక నేను వెళ్లి నిలబడి, అక్షరం అక్షరం చదివాను. ఆడవాళ్లకి స్లో సైకిల్ రేసు. మొదటి బహుమతి ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. కింద మూడు నిబంధనలు. కాలు నేలకి తగిలితే ఔటు. పక్కవాళ్ల దారిలోకి వెళితే ఔటు. అవతలి సున్నం గీతని అందరికంటే ఆఖరున దాటినవాళ్లే గెలిచినట్టు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయనతో చెప్పాను. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కినదాన్నే, సైకిల్ నాకు కొత్తేమీ కాదు. ఆయన పప్పు గింజ ఒకటి పంటి కింద నలిపి, వరండా వైపు చూశారు.

వరండాలో మేకుకి ఒక సైకిల్ వేలాడుతుండేది. రేవు దగ్గర వన్ టౌన్‌లో ఓడల మీంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్టు ఉండేది. ముచ్చటపడి అక్కడ కొన్నారు. ఏ దేశం వాడు వదిలిపోయాడో, రేసు సైకిల్. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి పళ్ల చక్రాలు ఐదు. గేర్ల వైరు తెగిపోయింది, దానికి సామాను ఇక్కడ దొరకలేదు. అప్పటినుంచీ నేను దాని కొమ్ముల మీద జాకెట్లు ఆరేసుకునేదాన్ని.

"మీ ఊళ్లో ఒకడు ఏడు రోజులు దిగకుండా సైకిల్ తొక్కినాడు, గేపకముందా?" అన్నారు ఆయన.

"అవును మావా. సైకిల్ మీదే తానం, సైకిల్ మీదే బోజనం."

"మరి పడిపోకుండా అలగ నిలబెట్టీసి ఎలగ తిన్నాడు? ఆడి సైకిల్‌కి ఫ్రీవీల్ లేదు. అదీ కిటుకు."

ఫ్రీవీల్ అంటే నాకు అప్పుడే తెలిసింది. మామూలు సైకిల్ తొక్కడం ఆపితే మన కాళ్లు ఆగుతాయి, చక్రం మాత్రం టిక్ టిక్ టిక్ అంటూ తనదారిన తాను తిరుగుతుంది. ఆ టిక్ టిక్ ఫ్రీవీల్‌ది. అది లేకుండా చేస్తే చక్రం, పెడల్, మన కాళ్లు మూడూ ఒక్కటే. చక్రం తిరిగితే కాళ్లు తిరగాల్సిందే. కాళ్లు ఆపితే చక్రం ఆగాల్సిందే. కాళ్లు వెనక్కి తిప్పితే సైకిల్ వెనక్కి వెళుతుంది. ఈ ఆఖరి ముక్క మీద మేమెవరం ఎక్కువ ఆలోచించలేదు.

మర్నాడే పని మొదలైంది. ఐదు పళ్ల చక్రాలూ ఊడదీశారు. వేరే సైకిల్‌ది ఒంటి ఫ్రీవీల్ తెచ్చి బిగించారు. వెల్డింగ్ చేసే స్నేహితుడొకాయన ఉండేవాడు, వాళ్లిద్దరికీ బావా బావా అని పిలుపు. "బావా, దీనికి రెండు టాకాలెయ్యి" అంటే, టాకాలు కదా అని నేను లోపలికెళ్లి సూదీ దారం తెచ్చాను. ఆయన బావ ఆ సూది చూసి, "సెల్లికి బాగా వొచ్చినట్టుంది, ఇనుము కూడా కుట్టీగల్దు" అని నవ్వి, వెల్డింగ్‌తో రెండు చుక్కలు పెట్టాడు. అంతే, ఫ్రీవీల్ నోరు మూతపడింది. టిక్ టిక్ లేదు.

తర్వాత బ్రేకులు కూడా తీసేశారు. "బేకులెందుకే? నీ కాళ్లే బేకులు."

ఉండండి, పట్టీల సంగతి ముందు చెప్పాల్సింది. ఆ సైకిల్ పెడళ్లకి తోలు పట్టీలు ఉండేవి, పాదం దూర్చి బిగించుకోవడానికి. పెళ్లిలో ఆయన నాకు వెండి పట్టీలు చేయిస్తానని మాటిచ్చారు. ఆరేళ్లైనా జాడ లేదు. మొదటిరోజు నన్ను సీటు మీద కూర్చోబెట్టి, పాదాలకి ఆ తోలు పట్టీలు బిగించి, లేచి నిలబడి, "పట్టీలు సేయిత్తానన్నాను గదా. ఇయిగో" అన్నారు. పైడమ్మ గడప మీద కూర్చుని నవ్వలేక చచ్చింది.

ఆయన నాకు నేర్పిన పాఠం ఒక్కటే. "బయ్యమేత్తే ఎనక్కి నొక్కు. ఇంకేటీ గేపకం ఎట్టుకోకు."

అది నిజంగా పనిచేసింది. ముందుకి పోతుంటే భయమేసినప్పుడల్లా వెనక్కి నొక్కేదాన్ని, సైకిల్ మంచి ఆవులా ఆగిపోయేది. నాట్లకి దిగినప్పటిలాగ చీర గోచీ పెట్టి, రోజూ సాయంత్రం వెనక సందులో తొక్కాను. మొదటి రెండు రోజులూ మోచేతులు గీసుకుపోయాయి. వారం తిరిగేసరికి సైకిల్ మీద కదలకుండా నిలబడి, పైడమ్మ నోటికందించిన మజ్జిగ తాగాను. కాస్త ఎత్తుకి మొహం పెట్టి నిలబెడితే ఇంకా తేలిక. ఆ రోజే వంటింట్లో బియ్యం డబ్బా పక్కకి జరిపి, కుక్కర్‌కి చోటు చేశాను.

ఆటల రోజు వచ్చింది. కొత్తగా కడుతున్న బడి ముందు ఖాళీ స్థలం. కాలనీ అంతా అక్కడే. ఐదుగురు ఆడవాళ్లం, ఐదు దారులు, ఈ చివరా ఆ చివరా సున్నం గీతలు. డ్రిల్లు మాస్టారు నరసింగరావు గారు విజిల్ మెడలో వేసుకుని నిబంధనలు గట్టిగా చదివారు. నా సైకిల్ కొమ్ములు చూసి ముక్కు మీద వేలేసుకుని, కాగితం చూసి, నన్ను గీత మీదికి పంపారు. ఎటువంటి సైకిల్ తేవాలో కాగితంలో లేదు మరి.

దారి ముందుకి కాస్త ఎత్తుగా ఉంది. అది చూసి నాకు లోపల పండగ. ఎత్తు అంటే నిలబెట్టడం తేలిక. ముందుకి ఎత్తు ఉంటే వెనక్కి పల్లం ఉంటుందని మాత్రం తట్టలేదు.

విజిల్ వేశారు. ఇద్దరు వెంటనే కాలు పెట్టేశారు. ఒకావిడ గాభరాలో చకచకా తొక్కేసి గీత దాటేసి, ఎందుకు దాటానా అని తల పట్టుకుంది. మిగిలింది నేనూ, మాణిక్యమ్మ గారూ. ఆవిడది లేడీస్ సైకిల్. పాములా వంకర్లు పోతూ ముందుకి జరుగుతోంది. నేను బయల్దేరిన గీతకి జానెడు దూరంలో బొమ్మలా నిలబడ్డాను.

"ఎండగా ఉంది కదండీ, నీడలోకి రారాదూ" అంది వెళుతూ వెళుతూ.

"నాకేటీ తొందర లేదమ్మా. పప్పు ఉడకనీ" అన్నాను.

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వే నా కొంప ముంచింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతో ఒళ్లు కదిలింది, సైకిల్ బెత్తెడు వెనక్కి జారింది.

భయమేసింది. భయమేస్తే ఏం చెయ్యాలి? వెనక్కి నొక్కాలి. నొక్కాను. వెనక్కి పోతున్న సైకిల్‌ని వెనక్కి నొక్కితే ఇంకా వెనక్కి పోతుంది. ఇంకా భయమేసింది. ఇంకా గట్టిగా నొక్కాను.

"ముందుకి! ముందుకి తొక్కే!" అని ఆయన అరుస్తున్నారు. నా చెవికి వారం రోజుల పాఠమే వినిపిస్తోంది. గీత వెనక నిలబడ్డ జనం రెండుగా చీలారు. మజ్జిగ బల్ల ఒకటి పక్కనుంచి ముందుకి వెళ్లిపోయింది. పది గజాలు వెళ్లానో, పదిహేనో. పైడమ్మ ఇరవై అంటుంది, దానిది ఎప్పుడూ ఎక్కువ లెక్కే. బడి గోడలకని పోసిన ఇసక కుప్ప నా వీపుకి మెత్తగా తగిలింది. వెనక చక్రం ఆ పక్కనే పేర్చిన ఇటికల్లో ఇరుక్కుని మెలిపడింది. నేను ఇసకలో వెల్లకిలా, నా పైన సైకిల్, రెండు కాళ్లూ పట్టీలతో సహా ఆకాశంలో.

ఆయన పరిగెత్తుకొచ్చారు. "దెబ్బ తగిలిందేటే?"

"నా కాలు కింద పడ్డాదా మావా?"

ఆయన నన్నూ, నా కాళ్లనీ చూశారు. "లేదు. పట్టీల్లోనే ఉన్నాయి."

"అయితే ఇప్పకు. ముట్టుకోకు."

ఈలోగా మాణిక్యమ్మ గారు గీత దాటి, సైకిల్ దిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "మాస్టారూ, ఆవిడ రేసు వదిలేసి వెళ్లిపోయారండీ. కుక్కర్ నాదేనండీ."

"నానెక్కడికీ ఎల్లలేదు, ఇక్కడే ఉన్నాను" అన్నాను ఇసకలోంచి. "మాస్టారూ, ఆ కాయితం నాను సదివినాను. కాలు కింద ఎట్టలేదు. పక్కోలి దార్లోకి ఎల్లలేదు. ఎనక్కి ఎల్లకూడదని అందులో ఎక్కడా లేదు."

మాస్టారు కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివారు. మళ్లీ చదివారు. తర్వాత తలకిందులుగా ఉన్న నా మొహంలోకి వంగి చూశారు.

"నువ్వు చదివావా అమ్మా దీన్ని?"

"అచ్చరం అచ్చరం."

నిజం చెప్పాలంటే కుక్కర్ కంటే ఆ మాట చెప్పినప్పుడే నాకు ఎక్కువ సంతోషమైంది. తలకిందులుగా ఉన్నా సరే.

మాస్టారు న్యాయంగల మనిషి. "ఈవిడ ఔటు కాదు. రేసు అవ్వలేదు. ఈవిడ వచ్చి గీత దాటితే ఈవిడే ఆఖరు, కుక్కర్ ఈవిడదే" అన్నారు. నలుగురు పట్టి నన్నూ సైకిల్‌నీ కలిపి నిలబెట్టారు. వెనక చక్రం అప్పడంలా వంకరపోయింది, తిరగదు. దిగితే కాలు కింద పడుతుంది. దిగకపోతే గీత దాటలేను. సైకిల్ మీద కూర్చుని ఉన్నాను, రెండు పక్కలా నలుగురు పట్టుకుని ఉన్నారు. ఎండ నెత్తికెక్కింది. ఒకావిడ గొడుగు పట్టింది. తర్వాత ఆట మొదలుపెట్టడానికి లేదు.

"దిగీయే. పరువు పోతంది" అన్నారు ఆయన గొంతు తగ్గించి.

"దిగనంటే దిగను. డబ్బా జరిపీసినాను మావా."

అప్పుడు వచ్చింది మాణిక్యమ్మ గారు. నా చెవిలో అంది, "ఏవండీ, కుక్కర్ మా ఇంట్లో ఉంటే మాత్రం ఏవైందండీ? రోజూ మీ పప్పు గిన్నె కూడా అందులోనే పెడతాను. ఆ నమిలే చప్పుడు వినలేకపోతున్నానండీ. ఇంటికి పదండి."

సరేనన్నాను. కానీ కాలు కింద పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. నన్నలాగే సైకిల్‌తో సహా మోసుకుంటూ మా క్వార్టర్ దాకా తీసుకొచ్చారు. దారిలో ఒక ముసలమ్మ చేతులెత్తి, "ఏ అమ్మోరే తల్లీ ఇది, సైకిలెక్కి ఊరేగతంది" అంది. మా వరండాలోకి వచ్చాకే పట్టీలు విప్పనిచ్చాను.

మర్నాటినుంచి గోడ అవతల మూడు కూతలు వినిపించేవి. మూడో కూతకి నేను గిన్నె కోసం వెళ్లేదాన్ని. పప్పు వెన్నలా ఉండేది. ఆయన క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చేది. మూడు నెలల తర్వాత వెండి పట్టీలు కూడా వచ్చాయి, బహుశా ఆ సైకిల్ అమ్మేశాకే అనుకుంటాను. కాదు, ముందేనేమో.

పైడమ్మా, ఇది నువ్వొకసారి చదివి పేర్లు సరిచూడు. మాస్టారు నరసింగరావు గారేనా, లేక ఆయన పాటలు నేర్పే మాస్టారా? మాణిక్యమ్మ గారిది కాకినాడా, పిఠాపురమా? మీ అన్న పేరు నేనెక్కడా రాయలేదు, నోటికే కాదు, చేతికీ అలవాటు లేదు. కావాలంటే నువ్వు రాసుకో. సంవత్సరం తప్పైతే దిద్దు. గజాలు మాత్రం పెంచకు. ఇంకొకటి, మీ వదిన ఓడిపోయిందని రాయకు. కాలు కింద పెట్టలేదు. ఆ గీత నేనింకా దాటలేదు. ఇన్నేళ్లలో నాకంటే నెమ్మదిగా ఎవరైనా వస్తున్నారేమో, ముందు ఆ సంగతి కనుక్కో.