నజ్మియె అక్క గోడకు ఆనించిన సైకిళ్ళు

మా ష్కోదర్ ఊళ్ళో ఎవరైనా నడిచి వెళ్తూ కనిపిస్తే, ఎవరు పోయారని అడుగుతారు. సైకిలుండగా నడుస్తున్నాడంటే శవం వెనకాలే అయి ఉండాలి కదా. మిగతా పనులన్నిటికీ సైకిలే. చావింటికి పలకరింపుకు వెళ్ళినా సైకిలే, దాన్ని బయటి గోడకు ఆనించి లోపలికి వెళ్తాం. అందుకే ఏ గోడ పొడవునా సైకిళ్ళు కనిపించినా దారిన పోయేవాడు దిగి, టోపీ తీసి, లోపలికి వెళ్ళి రెండు మాటలు చెప్పి, చేదు కాఫీ తాగి వస్తాడు. పోయిందెవరని గుమ్మంలోనే ఆరా తీయడం మర్యాద కాదు. లోపల కూర్చుంటే అదే తెలుస్తుంది.

నజ్మియె అక్కది మా పక్కిల్లు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, ఇంటింటికీ వెళ్ళి ఇంజెక్షన్లు చేసేది. ఊళ్ళో సగం మంది మొహాలు గుర్తుండవు గానీ, వెనక్కి తిరిగితే పేరు చెప్పగలనని ఆవిడే అనేది. వాన పడితే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిల్, మెడలో సూదుల సంచి. సైకిలు భర్త ఎసాత్‌ది. పాత చైనా సరుకు, మధ్యలో అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ళ సైకిలు. ఆయన పోయాక కూడా దాన్నే తొక్కింది. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ కడ్డీ మీంచి కాలు అటు వేసి ఎక్కేది. చూసేవాళ్ళకే భయం, ఆవిడకు లేదు.

పోయిన శరదృతువులో తడి మెట్టు మీద జారి తుంటి ఎముక విరిగింది. ఇంటి మెట్టు మీదే జారాననీ, సైకిలు మీంచి కాదనీ ఆపరేషన్ బల్ల మీద కూడా డాక్టరుకు రెండుసార్లు చెప్పిందట. ఎముక అతికింది. సైకిలు తొక్కొచ్చన్నారు. కానీ ఆ కాలు కడ్డీ ఎత్తుకు లేవడం లేదు. సైకిలు లేకపోతే ఇంజెక్షన్లు లేవు, ఇంజెక్షన్లు లేకపోతే ఆవిడకు ఊరే లేదు. చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుంది. వసంతం వచ్చేసరికి నా టమోటా నారుకు కూడా అక్కణ్ణుంచే సలహాలు మొదలెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

ఏ సైకిలు కొనాలో చెప్పడానికి మాత్రం అందరూ వచ్చారు. మేనల్లుడు కొండలెక్కే గేర్ల సైకిలు కొనమన్నాడు. మా చుట్టూ కొండలున్న మాట నిజమే గానీ, ఇంజెక్షన్ కావలసినవాళ్ళెవరూ వాటి మీద ఉండరు. కూతురు మూడు చక్రాలది తీసుకోమంది. క్యాబేజీలు అమ్ముకోనా అని అడిగింది అక్క. ఆ తర్వాత ఎవరు సైకిలు మాటెత్తినా నాకు నిద్రొస్తోందనేది.

చివరికి నేనే రుస్ పేటలో తుష్ సైకిళ్ళ దుకాణానికి వెళ్ళాను. తుష్ అంటే ఎద్దులాంటి మనిషి. సూది చూస్తే మాత్రం పడిపోతాడు. నజ్మియె చేతుల్లోనే రెండు మూడుసార్లు పడ్డాడు. గాలి ఊరికే కొడతాడు, దుకాణం ముందు బల్ల వేశాడు, తప్పు సైకిలు అడిగినవాణ్ణి అది నీకు పనికిరాదు పొమ్మంటాడు. ఇలా వ్యాపారం చేస్తే ఇల్లెలా గడుస్తుందని వాళ్ళావిడ నాతో చాలాసార్లు వాపోయింది. అక్క ఏ కాలు ముందు వేస్తుంది, సంచి బరువెంత, గొడుగు ఏ చేత్తో పడుతుంది అని అన్నీ అడిగి, దుకాణానికి తీసుకురా, ఎక్కించి చూద్దామన్నాడు.

అక్క చస్తే రానంది. దుకాణానికి ఎదురుగా కాఫీ హోటలుంది.

"ఊరంతా చూస్తుండగా నేను పడ్డాననుకో, రేపు ఎవడే నా సూదికి ఒళ్ళప్పగించేది?" అంది.

దానికి జవాబు తుష్ దగ్గర ఉంది. ఆదివారం పొద్దున, జనం లేచేలోపే, ఉన్న సైకిళ్ళన్నీ బండి మీద వేసుకుని ఆవిడ ఇంటికే తెచ్చాడు. వాకిలి నిండా నిమ్మచెట్ల కుండీలే కాబట్టి బయట గోడకు వరసగా ఆనించాడు. గాలిపంపు మరిచిపోయానని మళ్ళీ దుకాణానికి వెళ్ళాడు. అక్క లోపలి గదిలో తయారవుతోంది. నేను అక్క వంటింట్లో కాఫీ పెడుతున్నాను.

అప్పుడు, కూరలకని సైకిలు మీద బజారుకు బయల్దేరిన ఎదురింటి హిల్మి అన్న దాన్ని గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "మీరైనా చల్లగా ఉండాలమ్మా లుచియె," అన్నాడు.

అది చావింట్లో అనే మాట. అలా అన్నవాళ్ళతో మీరూ చల్లగా ఉండండి అనాలి. నోటికి అలవాటైన మాట కదా, అనేశాను. అనేశాక, అక్క తరఫువాళ్ళెవరో పోయినట్టున్నారు, నాకు చెప్పనేలేదని మనసులో నొచ్చుకున్నాను. కాఫీ ఇచ్చాను. ఆయన వెనక బేకరీవాళ్ళు, వాళ్ళ వెనక మాస్టారు. సైకిళ్ళు చూసి మనుషులొచ్చారు, వాళ్ళు ఆనించిన సైకిళ్ళు చూసి ఇంకా మనుషులొచ్చారు. నేను అప్పటికే కాఫీలో చక్కెర కూడా వేసేశాను. చావింట్లో తియ్యటి కాఫీ ఏమిటన్నట్టు నా వంక చూశారు గానీ, ఎవరూ వదల్లేదు.

పాషుక్ వచ్చి కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వాళ్ళమ్మకు రోజూ ఇంజెక్షన్ పడాలి.

"మా అమ్మకిక ఎవరు చేస్తారు? ఆ కొత్త నర్సు పిల్ల పొడిస్తే చెయ్యంతా కమిలిపోతోంది. నజ్మియె బెల్లు వినబడుతుందేమోనని అమ్మ ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీయించుకుంటుంది," అన్నాడు.

అంటే పోయింది అక్కేనా? ఇందాకే కదా ఆవిడ మేజోళ్ళు అడిగింది. గదిలోకి పరుగెత్తాను. అక్క సంచి మెడలో వేసుకుని తలుపు వెనక నిలబడి ఉంది. బరువుతో తొక్కి చూడాలని వేసుకుందట. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది. "ఉండవే, హిల్మి ఏదో అంటున్నాడు."

టైముకు మాత్రం వచ్చేదనీ, సూది పొడిచేటప్పుడు చెయ్యి కాస్త బరువనీ అంటున్నాడు హిల్మి అన్న.

అక్క తలుపు తోసుకుని వెళ్ళింది. ఎవరు పోయారని అడిగింది. హిల్మి అన్న కప్పు కింద పెట్టాడు.

"నువ్వే," అన్నాడు.

"నా చెయ్యి బరువా?"

"పోయినవాళ్ళ గురించి అబద్ధం చెప్పకూడదని."

తుష్ పంపుతో వచ్చేసరికి ఇల్లంతా జనం. అతనూ టోపీ తీసేశాడు. విషయం తెలిశాక మళ్ళీ పెట్టుకుని, ఇంకో రోజు చూద్దామా అక్కా అన్నాడు మెల్లగా. ఆవిడ అందరినీ ఒకసారి కలయజూసింది. "నన్ను పూడ్చడానికి వచ్చినవాళ్ళే కదా. వీళ్ళ ముందు పడితే ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?" అంది.

అందరం సందులోకి వచ్చాం. మొదటిది ఎత్తు. రెండోదాని మీద, పందెం కుర్రాళ్ళలా ముందుకు వంగాల్సి వచ్చింది. మూడోదాని చట్రం వాలుగానే ఉంది గానీ, ఆ మాత్రం ఎత్తుకు కూడా కాలు లేవలేదు. చేత్తో పాంటు పట్టుకుని కాలిని లాగింది. అయినా లేవలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది నాకు. మిగతావాటి వంక ఆవిడ చూడను కూడా లేదు. "లోపలికి పోదాం పద," అంది. ఇప్పుడు లోపలికి వెళ్తే మళ్ళీ బయటికి రాదని నాకు తెలుసు.

గోడ పట్టుకుని నడుస్తూ చివరి సైకిలు దగ్గర ఆగింది. అడ్డకడ్డీ లేదు, చట్రం దాదాపు నేల దాకా వంగి ఉంది, ముందు బుట్ట. ఎవరిదని అడిగింది. తుష్ తనది కాదన్నాడు. హిల్మి అన్న ముందుకు వచ్చాడు. "మా హాజెరాది. ఆవిడ గుర్తుగా తొక్కుతున్నాను."

ఆ గుర్తు సంగతి పేటంతటికీ తెలుసు. భార్యను అంతగా తలుచుకునే మగవాడు ఎక్కడున్నాడని మా ఆడవాళ్ళం చెప్పుకుంటాం కూడా.

అక్క ఆయన మోకాళ్ళ వంక చూసింది. "ఎన్నాళ్ళయింది కాలు లేవక?"

హిల్మి అన్న టోపీని చేతుల్లో తిప్పాడు. "ఆవిడ పోయిన ఏడాది నుంచే."

"నాకొక మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే పొడుస్తావు."

తుష్ రెంచీతో సీటు ఒక వేలెడు దించాడు. అక్క కాలు లేపనే లేదు, గడప దాటినట్టు అటు వేసింది. తుష్ వెనకాల పట్టుకుని నాలుగడుగులు నడిచి వదిలేశాడు. బేకరీ దగ్గర సైకిలు గోడ వైపు తూలింది. నేను కళ్ళు మూసుకున్నాను. బెల్లు వినబడి తెరిచేసరికి ఆవిడ సందు మలుపు తిరుగుతోంది.

తిరిగొస్తుందని నిలబడ్డాం. రాలేదు. అందరికంటే ముందు పాషుక్‌కు వెలిగింది. అమ్మ తలుపు తీసే ఉందంటూ సైకిలెక్కి దూసుకుపోయాడు. సంచి అక్క మెడలోనే ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పలకరింపుకు వచ్చినవాళ్ళలో అలా ఒక్కరైనా ఏడ్చినట్టయింది.

ఇలాంటి చట్రమే ఒకటి వెతికి అక్కకు తయారు చేస్తానన్నాడు తుష్. అందాకా ఇది ఆవిడ దగ్గరే ఉండనీ అన్నాడు హిల్మి అన్న. టోపీ పెట్టుకుని, కూరలు తెచ్చుకోవడానికి నడుచుకుంటూ బజారుకు బయల్దేరాడు. కాఫీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు ఆయన్ని చూసి లేచి నిలబడ్డారు. ఎవరు పోయారని అడిగారు.

"ఎవరూ పోలేదు," అన్నాడు హిల్మి అన్న. "అందుకే నడుస్తున్నాను."