వెనక్కి జరగండి

ఆదివారం నల్లా వచ్చే రోజు. అశోక్‌నగర్‌లో మేముండే కిరాయి పోర్షన్‌లో ఆ పూట నీళ్లు పట్టుకోకపోతే మంగళవారం దాకా దిక్కులేదు. సరిగ్గా అలాంటి ఆదివారమే చూసి ట్రైనింగ్ పెట్టారు, అదీ పొద్దున్నే. బిందెలు మా ఆయనకు అప్పగించి, చిక్కడపల్లి మార్కెట్ మీదుగా నడిచి పోయాను. దారి పొడవునా ఎవరిని తిట్టాలో తెలియక అందర్నీ తిట్టుకున్నాను.

ఇది తొంభైల నడుమ సంగతి. నారాయణగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ పూడిక తీసే గది మాది. రోజంతా ఒంటి మీద సీసం ఏప్రన్ ఉండాలి. సాయంత్రం దాన్ని విప్పేసరికి భుజాలు నావి కానట్టుండేవి. ఇంటికొచ్చి చపాతీ పిండి కలపడానికి కూడా చేతులు లేచేవి కావు. ఇంత మోస్తున్నాం కదా, ఇంకా కొత్తగా నేర్చుకోవలసిన జాగ్రత్త ఏముంటుందిలే అనుకున్నాను.

పాఠం చెప్పడానికి వచ్చినాయన విద్యానగర్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. కిరణాల కొలతలు చూసే సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. గంటసేపు గోడ మీద బొమ్మలు చూపించాడు. నేను కళ్లు తెరిచే నిద్రపోయాను. తర్వాత మమ్మల్ని మా గదికే తీసుకెళ్లి, రోగి పడుకునే బల్ల మీద మనిషికి బదులు నీళ్లు నింపిన డబ్బా పెట్టించి, మెషిన్ వేయమన్నాడు. ఆయన చేతిలోని మీటరు డబ్బా పక్కన గోలగోలగా అరిచింది. రెండడుగులు వెనక్కి వేస్తే గొణిగింది.

"మీరు మెషిన్‌కు భయపడుతున్నారు. మీ మీద పడేది ఎక్కువగా రోగి ఒంటికి తగిలి చెదిరొచ్చేది. మెషిన్ ఆగితే అదీ ఉండదు, లైటు ఆర్పినట్టే. కాబట్టి మెషిన్ వేసే ముందు వెనక్కి జరగండి" అన్నాడు.

నా నిద్ర పూర్తిగా వదిలింది. ఎందుకంటే డబ్బా పక్కన మీటరు అరిచిన చోటు నా చోటు. మా దగ్గర రోగికి మత్తు ఇవ్వరు. గజ్జల్లో సూది గుచ్చే చోట తిమ్మిరి మందు ఒక్కటే. మనిషి కళ్లు తెరుచుకుని, మా మాటలన్నీ వింటూ పడుకుని ఉంటాడు. భయపడతాడు. అందుకని నేను రోగి భుజం మీద చెయ్యి వేసి నిలబడేదాన్ని. ఎవరూ నేర్పలేదు, అట్లా అలవాటైంది. ఎన్నేళ్లు నిలబడ్డానో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

సోమవారం మొదటి రోగి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చిన మేస్త్రీ. యాభై దాటి ఉంటాయి. పొత్తికడుపు కింద, కాలికి రక్తం పోయే నాళం మూసుకుపోయి, బొటనవేలి పుండు మానడం లేదు. ఒక ట్రస్టు వాళ్ల సాయంతో వచ్చాడు. ఆ రోజు రంగు మందు ఎక్కించి ఫొటోలు తీయాలి, మర్నాడు బెలూన్‌తో నాళం తెరవాలి.

మేము కొత్త పాఠం తలకెక్కిన పిల్లల్లా ఉన్నాం. అన్నీ సిద్ధం చేసి, డాక్టరు "అందరూ వెనక్కి" అనగానే ఒక్కసారిగా జరిగాం. ఇద్దరు టెక్నీషియన్లు అద్దం వెనక్కి పోయారు, డాక్టరు సీసం తెర చాటుకు పోయాడు. నేను మేస్త్రీ భుజం మీంచి చెయ్యి తీసి గోడ దాకా పోయాను. రంగు మందు ఒంట్లో పాకితే మంట పుడుతుంది. ఆ మంటలో ఆయన తల తిప్పి చూస్తే దగ్గర ఒక్కరూ లేరు. మాటిమాటికీ అట్లాగే చేశాం. మేము బాగా చేశామనుకున్నాం.

సాయంత్రం వార్డులో ఆయన భార్య నా కొంగు పట్టుకున్నంత పని చేసింది. "ఇంటికి పోదాం పా అంటుండమ్మా. ఇంక ఆడ పండనంటుండు. జర నువ్వన్న జెప్పు."

డాక్టరుకు చెబితే తల పట్టుకున్నాడు. "రేపు తెరవకపోతే ఆ కాలు నిలవదు సిస్టర్. మోకాలి పైకి తీసేయాల్సిందే. కాలు లేకుండా గోడ ఎట్లా కడతాడు? మీ మాటైతే వింటాడు, మీరే నచ్చజెప్పండి" అని నా మీదికి తోసి వెళ్లిపోయాడు. డ్యూటీ దిగి ఇంటికి పోవలసిన వేళ. కాళ్లు పీకుతున్నాయి. విసుక్కుంటూనే ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏమైంది పెద్దయ్యా? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమంటరు సిస్టరమ్మా. అందరు ఉరికిన్రు గద."

"ఉరుకుడు కాదు. అది కిరణాల మెషిన్. అది నడిస్తే నీ ఒంట్లకెల్లి మా మీదికి కిరణాలొస్తయి. అందుకని జర దూరం జరుగుతం."

చెప్పగానే నాలుక కరుచుకున్నాను. ఆయన పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఉన్నా బాగుండేది.

"గదే గద నేననేది. మా ఒంట్లకెల్లి ఏదో వస్తదనే మా ఊర్ల చాయ్ హోటల్ల మా గ్లాసులు బైట పెట్టిన్రు. మేమే కడుక్కొని తాగాలె. పట్నంల గట్ల లేదు, అందరికి ఒక్కటే గ్లాసు అని ఈడికొచ్చినం. పొద్దుగాల నువ్వు భుజం మీద చెయ్యేస్తివి. మంచిగనిపించింది. మళ్ల నువ్వే ఉరికితివి."

ట్రైనింగ్‌లో దూరం గురించి అంతసేపు మాట్లాడుకున్నాం. దూరం అంటే కొందరికి ఏమిటో అక్కడ కూర్చున్న ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అక్కడ చెప్పింది తప్పు కాదు, మేము చేసిందీ తప్పు కాదు. అయినా ఆయన ముందు తల ఎత్తలేకపోయాను.

ఇంకేం చేయాలో తెలియక లేచి పోయి నా ఏప్రన్ పట్టుకొచ్చాను. ఆయన పొట్ట మీద పెడితే బరువని, చేతికిచ్చాను. పడుకున్నచోటే దాన్ని రెండు చేతులా ఎత్తి చూశాడు.

"ఇది దినమంత మోస్తవా?"

"మోస్తా. డాక్టరు కూడ మోస్తడు. ఆయన పెద్ద కులపోడే, పైసలున్నోడే. ఆయనను ఆ బల్ల మీద పండుకోబెట్టినా గట్లనే జరుగుతం. మా అమ్మను పండుకోబెట్టినా జరుగుతం. ఎవ్వరి ఒంట్లకెల్లి అయినా వస్తది, మెషిన్ నడిచినంతసేపే."

"మరి నా మీద వడేదో?"

ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ఆయనకే ఉంది. మా దగ్గర ఎవరూ ఆయనకు ముందుగా చెప్పలేదు. "నీ మీద మాకంటె ఎక్కువనే పడతది. కని నీకు నిన్న లేదు, రేపటి తర్వాత ఉండదు. కాలు కోసం తప్పదు. మాకు దినాం ఉంటది" అన్నాను.

ఆయన కాసేపు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. సిమెంటుకు పగిలి, గోళ్ల దగ్గర తెల్లబడ్డ చేతులు. "సున్నం లెక్కన. ఒక్కపారి చెయ్యి పెడితే ఏం గాదు. దినాం పెడితెనే తింటది" అన్నాడు.

"అంతే పెద్దయ్యా."

అయినా ఉంటానని మాటివ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భార్య నా వెంట మెట్ల దాకా వచ్చింది. నేను ఇంటికి పోయి, మా ఆయన పట్టిన నీళ్లతో స్నానం చేసి, అన్నం తినకుండా పడుకున్నాను. ఆ కాలే కళ్ల ముందు మెదిలింది. పొద్దున వార్డుకు పోయేదాకా ఆయన మంచం మీద ఉంటాడో, బస్టాండులో ఉంటాడో తెలియదు.

ఉన్నాడు. గౌను కట్టుకుని, బల్ల మీదికి తానే ఎక్కాడు. ఈసారి నేనే ముందు మాట్లాడాను. "పెద్దయ్యా, ఇప్పుడు మెషిన్ వేస్తరు, జరుగుతున్న." మెషిన్ ఆగగానే, "వచ్చిన" అని భుజం మీద చెయ్యి వేశాను. ప్రతిసారీ అట్లాగే. డాక్టరు మొదట చిరాకు పడ్డాడు. తర్వాత ఊరుకున్నాడు.

బెలూన్ ఉబ్బినప్పుడు మాత్రం నొప్పి తట్టుకోలేకపోయాడు. నాళం సాగుతుంటే నడుము నుంచి తొడ దాకా లాగుతుంది. ఆయన నా చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకున్నాడు. ఇటుకలు పట్టే చెయ్యి, నా వేళ్లు నలిగిపోయాయి. సరిగ్గా అప్పుడే డాక్టరు అన్నాడు, "వేస్తున్నా. వెనక్కి జరగండి."

నేను కదల్లేదు. ఆ పట్టు విడిపించుకోవడానికి నాకు మనసొప్పలేదు. పోతే పోయింది ఈ ఒక్కసారి అనుకున్నాను.

"సిస్టర్!" అని డాక్టరు గొంతు పెంచాడు.

మేస్త్రీ కళ్లు తెరిచి నన్ను చూశాడు. నొప్పితో దవడ బిగుసుకుపోయి ఉంది. తనే వేళ్లు వదిలి, అరచేత్తో నా చేతిని పక్కకు నెట్టాడు.

"జరుగు బిడ్డా, దూరం జరుగు" అన్నాడు.

ఊళ్లో ఎన్నిసార్లు ఆయన ఆ మాట పడి ఉంటాడో. నా మేలు కోరి ఆయన నోటి వెంట అదే మాట వచ్చింది. గోడ దాకా జరిగాను. తెర మీద రంగు మందు నల్లటి దారంలా మోకాలి దాకా సాఫీగా దిగింది. అందరూ అది చూసి సంతోషపడుతున్నారు. నేను మాస్కు లోపల ఏడ్చాను.