బట్ అనగానే మడిచిన చీర

ఒకే ఒక్క ఇంగ్లీషు మాట నేర్చుకుని, ఇంటికొచ్చిన బేరాన్ని గడప దాటించిన ఆడది ధర్మవరంలో ఇంకొకతె ఉంటే చెప్పండి, వెళ్లి దండం పెట్టి వస్తాను. నాకు తెలిసి నేనొక్కదాన్నే. ఆ మాట ‘బట్’.

మా ఆయన ఒక సావుకారి కోసం పట్టుచీరలు నేసేవాడు. బెంగళూరు నుంచి ఆ సావుకారి కొట్టుకు వచ్చేవాళ్లు ‘చీర సూపర్, బట్ అంచు సన్నం’, ‘రంగు సూపర్, బట్ ముదురు’ అని ధర కోసేవాళ్లు. అది చూసి, ఎప్పటికైనా సొంత చీర అమ్మితే పనికొస్తుందని ఆయన నాకు పాఠం చెప్పాడు.

“ఒసే, బట్‌కు ముందర చెప్పేదంతా ఉత్త గాలి. అసలు మాట ఆమీదే వస్తాది. అది వింటే మనమే దిగిపోతాం. బట్ అంటానే చీర మడిచెయ్. వాళ్లే దోవకొస్తారు.”

అక్షరాలు కూడబలుక్కోవడమే నాకు గగనం. ఈ పాఠాన్ని మాత్రం ఉడుములా పట్టుకున్నాను.

కూలికి నేయించే సావుకారి డిజైన్లతో విసిగి, ఆయన మొదటిసారి సొంతంగా ఒక అంచు గీసుకున్నాడు. నేరేడు రంగు మీద వేరుశనగ పూలు. అది అమ్ముడుపోతే సొంత మగ్గం, లేదంటే మళ్లీ సావుకారి గడపే. అలాంటి చీర నాకు అప్పగించి పెనుకొండకు పోయాడు. మేకను ఆకుతోటకు కాపలా పెట్టినట్టు!

హిందూపురం నుంచి ఒకామె కూతురి పెండ్లికని వచ్చింది. చీర చూసి కళ్లు చక్రాలు చేసుకుంది.

“చానా బాగుండాదమ్మా. బట్...”

మడిచాను.

“అయ్యో, ఉండమ్మా, బాగుండాదనే అంటాండా! బట్...”

ఇంకో మడత.

“ఏందమ్మా, నోరు తెరవనీవా? బట్...”

“ఇట్లాంటి బట్లు చానా చూసినాంలే అక్కా!”

చీర పెట్టెలోకి పోయింది. ఆమె రుసరుసలాడుతూ వీధిలోకి పోయింది.

సాయంత్రం బస్టాండులో, ఆ చీర నేసింది ఈయనేనని ఎవరో చూపిస్తే, ఆమే ఎదురొచ్చి మా ఆయనకు అంతా చెప్పిందట. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు.

“ఏం చేస్తివే? ‘బాగుండాది, బట్ ఒకటి చాలదు, ఇట్లాంటివే ఇంకా నాలుగు కావాల’ అనబోయిందంట! పక్కవీధిలో కొనుక్కోని పోయె.”

“నువ్వే కదా మడిచెయ్యమంటివి!”

“చీర మడవమంటి. ఆయమ్మ గొంతు పిసకమంటినా?”

చీర మడవనేల, కొంగు నోట కుక్కుకోనేల! నేను ఏడుస్తుంటే ఆయనే పెట్టె తెరిచి చీర నా ఒళ్లో పడేశాడు.

“కట్టుకో. నేసేటోని పెండ్లానికి పట్టుచీర లేదని నవ్వుతాండారు.”

“మరి మగ్గమో?”

“ఇంకొన్నాళ్లు సావుకారి పూలే నేస్తా. నా పూలు ఒకరన్నా కట్టుకోవాల గదా.”

ఆ చీర కట్టుకుని ఏ పెళ్లికి పోయినా ‘ఈ అంచు యాడిది?’ అని ఆడవాళ్లు చుట్టుముట్టేవాళ్లు. మూడేళ్లకు వాళ్ల బేరాలతోనే సొంత మగ్గం నిలిచింది.

ఇప్పుడు ఆయన లేడు. ఇంటిదేవుని సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట ఎవరు బట్ అన్నా, మాట పూర్తయ్యేదాకా నా చెయ్యి చీర మీదికి పోదు. బట్, తప్పు చేస్తే చీర తెచ్చి ఒళ్లో పడేసే మనిషే లేనప్పుడు, ఒట్టు నిలబెట్టుకోవడం ఏమంత గొప్ప?