చుక్కలు నాలుక కింద ఉన్నంతసేపు

మా ఆయన ఉన్నప్పుడు పాతబస్తీ హుస్సేనీ ఆలంల మాకు నాలుగు పాల బర్లుండె. ఆయన పోయినంక అమ్మేసిన. బర్లు పోయినయ్ గని నా తుమ్ములు పోలే. ఇల్లు ఊడిస్తే చాలు, ముక్కు కారుడు, దమ్ము. డాక్టరమ్మ చూసి నీకు దుమ్ము పడదన్నది. వారం వారం సూది రాసింది.

సూదైనంక అర్ధగంట ఆడనే కూసోవాలె, ఏమన్నా అయితదేమోనని. నా పక్కన లాడ్ బజార్ల గాజులమ్మే ఆమె కూసునేది, ఆమెకూ గదే సూది. మస్తు ముచ్చట్లు పెట్టుకునేటోళ్లం. నిజం చెప్తున్న, సూది కంటే గా అర్ధగంట కోసమే పోయేదాన్ని.

ఆమె సూదులు అయిపోయినయ్, రాకడ బందైంది. నాకేమో సూదేసిన కాడల్లా చెయ్యి వాస్తుండె. "సూది వద్దులే అమ్మా, చుక్కలిస్త" అన్నది డాక్టరమ్మ. "రోజూ పొద్దుగాల నాలుక కింద వేసుకో. రెండు నిమిషాలు నోరు తెరవొద్దు, అప్పుడు మింగు. ఇంట్లనే అయిపోతది." మొదటిసారి తన ముందరనే వేయించింది. ఏం కాలే.

"ఇంట్ల ఎవరుంటరు? గొంతు వాస్తే జెల్ది దవాఖానకు తేవాలె గద."

"అందరున్నరు" అన్న. ఎవ్వరు లేరని చెప్పనీకి నోరు రాలే.

తెల్లారి సీసా పట్టుకున్న. తలుపు బార్లా తెరిచి గడప మీద కూసున్న, పడిపోతే గల్లీల ఎవరన్నా చూస్తరని. చుక్కలేసుకున్ననో లేదో, మా ఆయనతోని కలిసి ఇండ్లల్ల పాలు పోసిన భాయ్ క్యాన్లు కట్టుకొని బండి మీద వచ్చిండు.

"క్యా భాభీ, మంచిగున్నవా?"

తలూపిన.

"ఏంది, బర్లతోని నోరు గూడ అమ్మినవా?"

నవ్వొచ్చింది. నవ్వితే మందు పోతది. ఆయన బండి కదిలిచ్చిండు. ఆగలేక మింగేసిన. "మందేసుకున్న భాయ్!" అని మొత్తుకున్న. బండి మూల తిరిగిపోయింది. ఆ రోజు మళ్ల నాతోని ఎవ్వరు మాట్లాడలే.

మరునాడు చుక్కలేసుకోకుండ భాయ్ కోసం ఆగిన.

"నిన్న గుస్సా అయినవా, భాభీ?"

"గుస్సా కాదు భాయ్, నోట్ల మందుండె."

"దేనికి?"

చెప్పిన. ఇంకొంచెం చెప్దామనుకున్న, పాలు లేటైతయని పోయిండు.

గిప్పుడు రోజూ గంతే. భాయ్ రెండు మాటలు మాట్లాడి పోయినంకనే చుక్కలేసుకుంటున్న. గప్పటికి అందరు పనులకు పోయి గల్లీల ఎవ్వరుండరు. తలుపైతే బార్లా తెరిచే పెడుతున్న.