డాక్టరమ్మ విమానం దిగేదాకా

రేపల్లె ఆడపిల్లల బోర్డింగులో వంట చేసే కాంతమ్మ ఆదివారం గుడి మానేది కాదు. కానీ ఉపవాసం మాటెత్తితే మాత్రం ఆవిడకు ఒళ్లు మండేది. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో సంఘమంతా కడుపు మాడ్చుకుంటుంటే ఈవిడ వీధరుగు మీద కంచం పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ మరీ తినేది. పాదిరిగారు మందలించబోతే, "నా ఉపవాసాలన్నీ చిన్నప్పుడే అయిపోయినయ్యండి. కర్లపాలెంలో కూలి దొరకని రోజుల్లో మా అమ్మ చేయించింది. అయ్యి కలుపుకోమనండి దేవుణ్ణి" అనేది. ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయేవారు.

అలాంటి మనిషి 1968లో ఒక మాట ఇచ్చి ఇరుక్కుంది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ సొంత దేశం అమెరికాకు వెళ్లిపోతోంది. ఎప్పుడూ ఓడలో తిరిగిన ఆవిడకు అదే మొదటి విమానం. కాంతమ్మ కాన్పు కష్టమై తల్లీబిడ్డా దక్కరనుకున్న నాడు ఏమాత్రం తొణకని ఆవిడ, సెలవు తీసుకునేటప్పుడు కాంతమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"భయంగా ఉంది కాంతమ్మా" అంది డాక్టరమ్మ.

"మీరు అక్కడ నేలమీద కాలు పెట్టేదాకా నేను పచ్చి మంచినీళ్లు ముట్టనమ్మా. ధైర్యంగా ఎక్కండి" అనేసింది కాంతమ్మ. అన్నాక గుండె గుభేలుమంది.

ఎంతసేపు మాడాలో తేల్చమని బడిపంతులు కృపారావు దగ్గరికి పరుగెత్తింది. ఆయన వేళలు విని, వేళ్లు మడిచి, "బొంబాయిలో పొద్దున ఆరింటికి ఎక్కుద్ది. న్యూయార్కులో అదే రోజు సాయంత్రం ఆరింటికి దిగుద్ది. ఎనిమిదివేల మైళ్లు, పన్నెండు గంటలు" అని తేల్చేశాడు.

"ఆ నడిపే ఆయన్ని మన తెనాలి రైలుకి పంపకూడదాండీ?" అంది కాంతమ్మ, ప్రాణం కాస్త కుదుటపడి.

డాక్టరమ్మ బొంబాయిలో విమానం ఎక్కిన రోజు కాంతమ్మ ఉప్పు చూడకుండా వండిన పప్పును పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు. మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. విమానం కనిపెట్టినవాణ్ణి నానా తిట్లూ తిట్టి, వెంటనే లెంపలేసుకుని ప్రార్థనలో కూర్చుంది. సాయంత్రం ఆరు కొట్టిందో లేదో, వంకాయ ఎండురొయ్యల కూరతో కంచం ముందు చతికిలబడింది. మూడో ముద్ద నోట్లో ఉండగా కృపారావు చెప్పుల్లేకుండా ఊడిపడ్డాడు.

"కొంప మునిగింది కాంతమ్మా! మనకి పొద్దుగూకితే వాళ్లకి తెల్లారుద్ది. ఆ సంగతి మరిచి తీసివేత చేశా. విమానం ఇంకా గాల్లోనే ఉంది. అది దిగేసరికి మనకి రేపు తెల్లారగట్ల అవుద్ది."

సరిగ్గా ఈ పాఠం రాలేదనే ఆయన ఏటేటా పిల్లల వీపులు వాయగొట్టేవాడు. కాంతమ్మ ముద్ద మింగలేక, కక్కలేక ఆయన్ను కొరకొర చూసింది.

"పోనీలే, తెలియక తిన్నావు. దేవుడు క్షమిస్తాడు. కంచం ముందు నుంచి లేవకూడదు, కానియ్" అన్నాడాయన.

కాంతమ్మ కంచం ఆయన ముందుకు తోసి, చెయ్యి కడుక్కుని, గోడకు చేరగిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దేవుడితో నేను సర్దుకుంటాలెండి మాస్టారూ. ఆవిడ అక్కడ బిక్కచచ్చి కూర్చుని, కింద కాంతమ్మ నాకోసం పస్తు ఉందనుకుంటా ఉంటది కదండీ!"